జింకల పొలిమేరలో అద్దె ఇల్లు

ఉద్యోగం అయిపోయాక హైదరాబాద్ వదిలేసి ఏదైనా పల్లెలో ఉందామనుకునే వాళ్లు నా స్నేహితుల్లో చాలామందే ఉన్నారు. అందరి చూపూ నీళ్లున్న వైపే. ఒకాయన కోనసీమలో కొబ్బరితోట బేరమాడుతున్నాడు, ఇంకొకాయన అరకు దారిలో అరెకరం కొన్నాడు. నేను కర్నూలు, కడప అనేసరికి "కరువు సీమకా? అక్కడేముందని?" అన్నారు. ఏముందో నాకు తెలుసు. మైళ్ల కొద్దీ గడ్డి ఉంది. అందులో కృష్ణజింకలు, తోడేళ్లు, గుంటనక్కలు, చలికాలంలో మధ్య ఆసియా నుంచి దిగే గద్దలు ఉన్నాయి. నిన్నమొన్నటి దాకా బట్టమేక పిట్ట కూడా ఉండేది. కడప వైపు లంకమల పొదల్లో కలివికోడి ఉంది, ప్రపంచంలో దానికి మరో చిరునామా లేదు. మిగిలిన వయసు వీటి మధ్య గడపాలని నా కోరిక. మా ఆవిడ దాన్ని కోరిక అనదు, పిచ్చి అంటుంది. అయినా చూసి రావడానికి ఒప్పుకుంది, రెండు షరతుల మీద. చలికాలంలో చూసి మురిసిపోతే కుదరదు, మే నెలలో కూడా చూడాలి. ఇంటి గురించీ నీళ్ల గురించీ అడగాల్సినవి తనే అడుగుతుంది, నేను పిట్టల గురించి అడుక్కోవచ్చు.

ఇసుక ఎడారి చూడాలనుకునే వాళ్లు అనంతపురం జిల్లాకు పోవాలి. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డున ఇసుక మేటలు గాలికి జరుగుతూ పొలాల మీదికి వస్తాయి. కర్నూలు, కడపల్లో అలాంటిది లేదు. నల్లరేగడి, ఎర్రనేల, మధ్యమధ్యలో బండ. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన లెక్కలో పడుతుంది గానీ, అది ఎప్పుడు పడుతుందన్నదే రైతు బతుకు. 1876-78 కరువులో దత్తమండలాల పల్లెలు ఖాళీ అయిపోయాయి. అంతకు కొన్నేళ్ల ముందే, 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట వేసి కర్నూలు-కడప కాలువ తవ్వడం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఈ రెండు జిల్లాల్లో ఊళ్లను కాలువ కింద ఊళ్లు, పైఊళ్లు అని విడదీసి చూడాలి. కాలువ కింద వరి, అరటి, పసుపు. పైన పప్పుశనగ, జొన్న, కంది, పత్తి, బుడ్డలు (వేరుశనగ). నాక్కావలసిన ప్రాణులన్నీ పైఊళ్లలోనే ఉంటాయి. మా ఆవిడకు కావలసిన నీళ్లు కాలువ కింద ఉంటాయి. మా సంసారంలో తగువంతా ఇక్కడే.

కర్నూలులో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని నందికొట్కూరు మీదుగా మిడుతూరు దారి పట్టాం. రోళ్లపాడు అభయారణ్యం ఈ మండలంలోనే ఉంది. 2022 దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. అభయారణ్యం అనగానే చెట్లు ఊహించుకుని వచ్చేవాళ్లకు ఇక్కడ చూడ్డానికి ఏమీ కనిపించదు. 614 హెక్టార్ల గడ్డినేల, అక్కడక్కడ తుమ్మ, చుట్టూ కందకం, ఓ వాచ్‌టవర్. చెట్టు లేకపోవడమే ఈ చోటి గొప్ప అని మా ఆవిడకు చెప్పబోతే "నీడ లేదు" అని ఒక్క మాటలో తేల్చేసింది.

బట్టమేక పిట్ట కోసం 1988లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. మీటరు ఎత్తు, మగదైతే పదిహేను కిలోల దాకా బరువు. ఎగరగలిగే పక్షుల్లో ఇంత బరువైనవి చాలా తక్కువ. సంవత్సరానికి ఒకే గుడ్డు, అదీ నేల మీదే. జాతీయ పక్షిగా దీన్నే పెట్టాలని సలీం అలీ అప్పట్లో వాదించారు, చివరికి నెమలికి దక్కింది. ఎనభైల్లో ఇక్కడ పదుల సంఖ్యలో బట్టమేకలు తిరిగేవి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి అసద్ రహమానీ, రంజిత్ మనకడన్ లాంటి శాస్త్రజ్ఞులు వచ్చి ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఇప్పుడు దేశం మొత్తమ్మీద నూట యాభై కూడా లేవంటారు, ఉన్నవాటిలో ఎక్కువ రాజస్థాన్‌లో జైసల్మేర్ చుట్టుపక్కలే. రోళ్లపాడులో ఈ మధ్య చూశామన్న మనిషి నాకు తగల్లేదు. నలభై దాటిన వాళ్లు మాత్రం చిన్నప్పుడు బుడ్డ చేలల్లో చూశామని చెబుతారు, మేకంత పిట్ట అని చేత్తో ఎత్తు చూపిస్తూ.

పిట్ట ఎందుకు పోయిందన్న దానికి ఒక్క కారణం చెబితే అది అబద్ధమే అవుతుంది. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కోసం అభయారణ్యం పక్కనే అలగనూరు జలాశయం వచ్చింది. గొర్రెలు మేసే బీళ్లు, కొర్ర, జొన్న చేలు తగ్గి పంటల తీరు మారింది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యమనిపించింది ఇంకొకటి. బట్టమేక కోసం తవ్విన కందకం, పెంచిన గడ్డి, పెట్టిన కాపలా అన్నీ జింకలకు కలిసొచ్చాయి. పదుల్లో ఉన్నవి వందలయ్యాయి. పగలు గడ్డిలో పడుకుని రాత్రి చేలల్లోకి రావడం మొదలుపెట్టాయి. అంతవరకు "మా ఊరి పిట్ట" అని మురిసిన జనానికే అభయారణ్యం అంటే కడుపుమంట మొదలైంది. పశువులు మేపుకునే బీడు పోయింది, చేను మేసే జింకలు వచ్చాయి. బట్టమేక అడిగినదల్లా కాస్త మేసిన గడ్డి, పక్కన కొర్ర చేను, తొక్కకుండా తప్పుకుపోయే మనిషి. అంటే ఊరివాళ్ల సఖ్యత. అది పోయాక కందకం ఎంత లోతు తవ్వినా ఏం లాభం?

పప్పుశనగ పూత మీదున్న రోజులు. పరిచయమైన ఓ రైతు, మా వయసువాడే, రాత్రికి చేను దగ్గరికి రమ్మన్నాడు. నల్లరేగడిలో ఆయనకు ఏడెకరాలు, అందులో ఐదు కౌలు. చేను గట్టున నాలుగు కట్టెల మీద మంచె, పైన జొన్నచొప్ప. చుట్టూ గుంజలు పాతి పాత చీరలు కట్టాడు, ఎరుపువీ పసుపువీ ఎక్కువ. పగటిపూట చూస్తే ఊరంతా బట్టలారేసినట్టు ఉంటుంది. చీరలకు జింకలు రెండు రాత్రులు బెదురుతాయట, మూడో రాత్రి వాటి కింద నుంచి దూరి వస్తాయట. మంచె మీద ఓ చిన్న బ్లూటూత్ స్పీకర్, అందులో కుక్క మొరుగుడు రికార్డు చేసి పెట్టాడు. "అదీ పనిచేయల్యా సార్. మా కుక్క దాన్ని ఇని జవాబు మొరగబట్టె. నాకు నిద్ర పోయిందంతే" అన్నాడు.

రాత్రి మంచు దిగాక శనగ ఆకు మీద పులుపు ఊరుతుంది. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి, చర్మం చురచురలాడింది. ఈ పులుసును పల్చటి గుడ్డలు పరిచి పట్టి, పిండి, కూరల్లో వేసుకునేవాళ్లట వాళ్లమ్మ కాలంలో. పన్నెండు దాటాక ఆయన నా భుజం తట్టి లైటు వేశాడు. చేను అవతలి అంచున ఆకుపచ్చగా కళ్లు మెరిశాయి, జతలు జతలుగా. లెక్క పెట్టడం మొదలుపెట్టాను, ఇరవై దాకా వచ్చేసరికి కదిలిపోయాయి. అన్నీ ఒక్కసారే పైకి లేచి దూకాయి, ఒకదాని వెనుక ఒకటి, కాళ్లు నేలకు తగిలాయో లేదో అన్నట్టు. ఓ నల్ల మగజింక మెలితిరిగిన కొమ్ములతో ఒక్క క్షణం నిలబడి లైటు వైపే చూసింది. నా నోట "అబ్బా" అని వచ్చింది. పక్కన ఆయన నోట వచ్చిన మాట ఇక్కడ రాయలేను.

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, కొట్టినవాడికి జైలే. ఆ రైతుకు అది తెలుసు, జింకను కొట్టాలని ఆయనకు లేదు కూడా. "పానం ఉన్న జీవి సార్. దానికీ ఆకలే గదా. కానీ గవుర్మెంటు సాకుతాండేది దాన్ని, మేపుతాండేది నేను" అన్నాడు. ఆలూరు, ఆస్పరి, హొళగుంద వైపు కూడా ఇదే బాధ, ఇంకా ఎక్కువే. పంట నష్టపరిహారం గురించి అడిగితే కాగితాలు, ఫొటోలు, తిరగడాలు చెప్పుకొచ్చాడు. తిరగడానికి పోయే కూలి రోజులు లెక్కేసుకుని వదిలేశానన్నాడు. నాకు కుతూహలమైన ప్రశ్న ఒకటి మిగిలింది, అడిగేశాను. జింకలు మొత్తం లేకుండా పోతే బాగుంటుందా అని. చాలాసేపు బీడీ కాల్చి, "ఊరు బోసిపోతాది" అన్నాడు. మళ్లీ వెంటనే, "సగం పోతే సాలు" అన్నాడు.

తెల్లారి వాచ్‌టవర్ ఎక్కితే గడ్డి మీద సన్నటి రెక్కల గద్దలు నేలకు బారెడు ఎత్తులో తేలుతూ కనిపించాయి. ఇవి చెట్ల మీద వాలవు. సాయంత్రాలు గుంపుగా వచ్చి గడ్డిలోనే, నేల మీదే పడుకుంటాయి. చేలల్లో మిడతలను ఏరుకు తింటాయి కనుక రైతుకు చుట్టాలు. వాటి గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు, అసలు ఎవరూ పట్టించుకోలేదు. తోడేలు గురించి మాత్రం గొర్రెల కాపరులు చెప్పినంత సేపు చెప్పారు. నెలకో పిల్లను ఎత్తుకుపోతుందట. అయినా తోడేలు ఉంటే జింకలు చేలల్లో ధైర్యంగా తిరగవని కూడా వాళ్లే చెప్పారు. గొర్రెలున్నవాడికి తోడేలు శత్రువు, చేనున్నవాడికి జింక శత్రువు, ఇద్దరూ ఒకే రచ్చకట్ట మీద కూర్చుని కాఫీ తాగుతుంటారు.

ఈలోగా మా ఆవిడ ఊళ్లో ఆడవాళ్లతో తిరిగొచ్చింది. నేను కనుక్కున్న వాటికంటే ఆమె తెచ్చినవి పనికొచ్చేవి. వీధి కుళాయికి రోజు విడిచి రోజు నీళ్లు. ఎండాకాలం ట్యాంకరు. కొత్తగా బోరు వేసుకునేవాళ్లు ఆరేడు వందల అడుగులు దిగుతున్నారు, దిగినా పడుతుందన్న నమ్మకం లేదు. చిన్న జ్వరానికి నందికొట్కూరు, పెద్దదానికి కర్నూలు పెద్దాసుపత్రి. పాము కరిస్తే పసరు కట్టుకోకుండా నేరుగా బండెక్కాలి, ఆసుపత్రి చేరేదాకా కరిచిన కాలు కదపకూడదు. ఇక్కడ నాగుపాము, కట్లపాము, పింజరలు అన్నీ ఉన్నాయి. వాటికి పనికొచ్చే మందు ఆసుపత్రిలో తప్ప ఎక్కడా దొరకదు. "రాత్రి పదింటికి నీకు కాలు బెణికితే ఎవరు మోస్తారో కనుక్కున్నావా?" అని నన్నడిగింది. తను కనుక్కుందట. ఎదురింటివాళ్ల ఆటో ఉంది, ఆ అబ్బాయి తాగడు. ఆమె దృష్టిలో ఊరికి అదే పెద్ద అర్హత.

నంద్యాల వైపు పోతూ ఓర్వకల్లు దగ్గర ఆగాం. ఈ దారిని ఇరవై ఏళ్ల కింద చూసినవాడు ఇప్పుడు గుర్తుపట్టడు. 2021లో విమానాశ్రయం మొదలైంది. గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017కే పూర్తయింది. గుట్ట మీది నుంచి చూస్తే నేలంతా నీలం పలకలు. వీటికి భూమి ఇచ్చేటప్పుడు "ఖాళీ భూమి" అని రాసుకుంటారు. గడ్డి మేసే గొర్రెకూ, గుడ్డు పెట్టే పిట్టకూ అది ఖాళీ కాదన్నది ఏ కాగితంలోనూ ఉండదు. కరెంటు వద్దనడం నా ఉద్దేశం కాదు, నేనూ ఫ్యాన్ కింద కూర్చునే ఇది రాస్తున్నాను. రాజస్థాన్‌లో, గుజరాత్‌లో కరెంటు తీగలకు తగిలి బట్టమేకలు చస్తున్నాయని 2021లో సుప్రీంకోర్టు లైన్లు భూమిలో వేయమంది, 2024లో ఆ ఉత్తర్వును సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. అంత బరువైన పిట్టకు ముందున్నది సరిగా కనిపించదు, కనిపించేసరికి తప్పుకోలేదు.

ఇక్కడే ఓ భూముల బ్రోకర్ మాకు పరిచయమయ్యాడు. మంచి కలుపుగోలు మనిషి. రోళ్లపాడు వైపే కాదు, బేతంచర్ల దారిలోనూ, వెలుగోడు దారిలోనూ ఫామ్‌ల్యాండ్ వెంచర్లు చూపించాడు. గుంటల లెక్కన అమ్మకం, చుట్టూ ఇనుప కంచె, డ్రిప్పు, శ్రీగంధం మొక్కలు, మధ్యలో చిన్న ఇల్లు. "జింకలు రావు సార్, ఎనిమిదడుగుల మెష్ వేసినాం" అని గర్వంగా చెప్పాడు. "జింకలు కనిపించడానికే కదండీ వస్తోంది" అన్నాను. కనిపిస్తాయి సార్, బయట కనిపిస్తాయి అన్నాడు.

బేరం మీద ఆశ నాకు అక్కడే చచ్చింది. పచ్చదనం మీద ప్రేమతో మనలాంటి పట్నంవాళ్లం వచ్చి కంచె వేసి చెట్లు నాటితే ఈ నేలకు మేలు చేసినట్టు అనుకుంటాం. ఇక్కడి జీవాలకు అక్కర్లేనిది అదే. గొర్రెల మందకు దారి మూసుకుపోతుంది, జింక చుట్టు తిరిగి పక్కవాడి చేను మీద పడుతుంది, గడ్డిలో గుడ్డు పెట్టే పిట్టకు నా శ్రీగంధం చెట్టు కాకి కూర్చోవడానికి కొమ్మ. పది కుటుంబాలు పదేసి గుంటలు కొంటే మిగిలేది ఏ జంతువూ దాటలేని గళ్ల నేల. నేను ఆ గడ్డిని చూసి వచ్చి, దాన్ని గడ్డి కాకుండా చేసినవాణ్ని అవుతాను. మా ఆవిడకు ఈ తర్కం నచ్చింది, ముఖ్యంగా అందులో డబ్బు ఖర్చు లేదు కనుక.

తర్వాత ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి కడప. మైదుకూరు చుట్టూ పసుపు చేలు, కాలువ నీళ్లు. అక్కడ కూరగాయల బండి దగ్గర మా ఆవిడ కళ్లు వెలగడం చూశాను గానీ బండి ఆపలేదు. సిద్దవటం దగ్గర పెన్న దాటాక నేల మారిపోతుంది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం 464 చదరపు కిలోమీటర్లు. ఇదీ 1988దే. కొండ పైన ఎర్రచందనం, కొండ కింద రేగు, కలివి, తుమ్మ పొదలు. కలివికోడి ఉండేది ఆ కింది పొదల్లోనే.

ఈ పక్షి కథ తెలిసినవాళ్లకు మళ్లీ చెప్పడం బాగుండదు గానీ, ఆ నేల మీద నిలబడి చెప్పకుండా ఉండలేను. 1848లో థామస్ జెర్డాన్ అనే డాక్టరు దీన్ని లోకానికి చూపించాడు. 1900 తర్వాత ఎనభై ఆరేళ్లు ఎవరికీ కనిపించలేదు. చచ్చిపోయిన జాతి అని రాసేసుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర అయితన్న అనే స్థానికుడు రాత్రి దీపం వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ అది అదే పక్షి అని తేల్చారు. ప్రపంచం వెతుకుతున్న పక్షి ఆ పల్లెవాళ్లకు ఎప్పుడూ పోలేదు, వాళ్లనెవరూ అడగలేదంతే. రాత్రిపూట మాత్రమే తిరిగే ఈ జానెడు పిట్టను చూడ్డం కష్టం కనుక జగన్నాథన్ అనే పరిశోధకుడు మెత్తటి మట్టి పట్టీలు పరిచి పాదాల గుర్తులు పట్టాడు, రికార్డు చేసిన కూత వినిపించి జవాబు కోసం చెవులు రిక్కించాడు. 2008 దాటాక మళ్లీ జాడ లేదు. 2025 ఆగస్టులో పక్షిప్రేమికుల బృందానికి దాని కూత మళ్లీ వినిపించింది.

ఆ పరిశోధనలో నన్ను పట్టుకున్న సంగతి వేరు. కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. హెక్టారుకు మూడు వందల నుంచి ఏడు వందల దాకా పెద్ద పొదలు, మధ్యలో పరుగెత్తడానికి ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ ఎవరు ఉంచారు? మేకలు, కట్టెలు కొట్టుకునే ఆడవాళ్లు. మేకలు మరీ ఎక్కువైతే పొదలు పోతాయి, మొత్తం ఆపేస్తే పొదలు కమ్ముకుంటాయి. సోమశిల జలాశయం కింద మునిగిన ఊళ్లవాళ్లు ఈ చుట్టుపక్కలకే వచ్చి స్థిరపడ్డారు, పొదలు కొట్టి చేలు, తోటలు వేసుకున్నారు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం సరిగ్గా ఈ పక్షి నేలలోకే వచ్చింది, గొడవలయ్యాక కాలువ దారి మార్చారు. మునిగిన ఊళ్లవాళ్లకు ఎక్కడో ఓచోట బతుకుండాలి, పిట్టకూ ఉండాలి. నాలాంటి ఇష్టపడి వచ్చేవాడికి ఇందులో చోటు అడిగే హక్కు చాలా తక్కువ అనిపించింది.

అట్లూరు వైపు ఓ ఊళ్లో మేకలు తోలుకొస్తున్న ఓ పెద్దావిడ మా బండి దగ్గర ఆగింది. ఏమడగను? కలివికోడి గురించే అడిగాను. "కూత ఇన్నా సామీ, ఎనకటి దినాల్లో. ఇప్పుడు మమ్మల్ని సందేళకే లోపలికి పోనీరు" అంది. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "ఈ ఎండల్లో ఏం ఎతుక్కుంటాండారమ్మా మీరు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మా ఆవిడ నా వైపు చూపించింది.

ఈ వైపు ఇల్లు వద్దనుకోవడానికి ఇంకో కారణం ఎర్రచందనం. రాత్రి ఈ దారుల్లో కొత్త ముఖం కనిపిస్తే తనిఖీ చేస్తారు. చేయాల్సిందే. మమ్మల్నీ చెక్‌పోస్టులో ఆపి డిక్కీ తెరిపించారు, మర్యాదగానే. కానీ రాత్రి కూత వినడం కోసం పొదల అంచున తిరిగే ముసలివాణ్ని వాళ్లు రోజూ నమ్మాలని కోరుకోవడం న్యాయం కాదు. అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు కూడా. కలివికోడికి దగ్గరలో ఉండటమంటే దాన్ని ఎప్పటికీ చూడకుండా ఉండటానికి సిద్ధపడటమే. దూరంగా ఉండీ అది చేయవచ్చు.

మే నెల షరతు మిగిలింది, దాని కోసం మళ్లీ రోళ్లపాడు వచ్చాం. ఆ ఎండ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నంద్యాల, కర్నూలు పేర్లు వేసవిలో రోజూ టీవీలో ఎందుకు వస్తాయో ఒళ్లంతా తెలిసింది. పదకొండు దాటితే ఊళ్లో కుక్క కూడా కదలదు. గడ్డి ఎండి గోధుమ రంగైంది, జింకలు తుమ్మ నీడ దొరికిన చోట గుంపుగా నిలబడి ఉన్నాయి. అభయారణ్యంలో తొట్లు ఉన్నా ఊరి పశువుల తొట్ల దగ్గరికీ వస్తున్నాయి. చేలల్లో ఏమీ లేదు కనుక ఈ నెలల్లో వాటిని ఎవరూ తరమరు. చలికాలంలో బూతులు తిట్టిన ఆ రైతే తన తొట్టిలో రెండు బిందెలు ఎక్కువ పోయించడం చూశాను, అడిగితే గేదెకన్నాడు.

మమ్మల్ని కాపాడింది ఆ ఊళ్లోని చౌడు మిద్దె. మూరెడు మందం రాతి గోడలు, పైన కట్టెలు, బండలు, ఆ మీద చౌడు మట్టి. బయట నలభై మూడు, లోపల నేల మీద చాప వేసుకుని పడుకుంటే నిద్ర పట్టింది. పక్కన కొత్తగా కట్టిన స్లాబు ఇంట్లో ఏసీ పెట్టినా, కరెంటు పోయిన గంటకు వాళ్లంతా మా మిద్దెలోకే వచ్చారు. రాత్రి మిద్దె పైకెక్కి పడుకోవచ్చు, ఎక్కడానికి మెట్లున్నాయి, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన బండలే మెట్లు. మా ఆవిడ వాటిని ఎక్కనంది. కింద అరుగు మీద మంచం వేయించుకుంది.

చివరికి కొనడం మాట పక్కన పెట్టి, ఆ మిద్దెనే ఏడాదికి అద్దెకు మాట్లాడాం. పండగ తర్వాత చేరతాం. ఏడాది నిలబడగలిగితే మరో ఏడాది, లేదంటే హైదరాబాదులో ఇల్లు ఎటూ ఉంది. కంచె లేదు, మొక్కలు నాటం, బోరు వేయం. ఊరు తాగే నీళ్లే తాగుతాం, వెయ్యి లీటర్ల ట్యాంకు మాత్రం పెట్టించుకుంటాం. వానలకు ముందు మిద్దె మీద చౌడు మళ్లీ వేయించాలి, ఆ ఖర్చు సగం సగం. ఎదురింటి ఆటో అబ్బాయి నంబరు మా ఆవిడ ఫోనులో నా నంబరు కంటే పైన ఉంది.

మిద్దె ఆ రైతు పెద్దన్నది. అద్దె గురించి ఆయన పెద్దగా పట్టుబట్టలేదు. ఒక్కటే అడిగాడు. "పప్పుశనగ వేసినాక వారానికొక రాత్రి నువ్వు కూడా మంచె కాడికి రావల్ల సార్. నిద్ర ల్యాక మా తమ్ముడు చస్తాండాడు." ఒప్పుకున్నాను. అయితే చలికోటు, గొట్టం బూట్లు, తలకు కట్టుకునే లైటు కొనుక్కోందే పంపనని మా ఆవిడ అక్కడికక్కడే చెప్పేసింది. బూట్లు ఎందుకంటే పింజరలు సార్, అని ఆయనా ఆమె వైపే మాట్లాడాడు.